తెలంగాణ రాష్ట్రం: నేల, నీరు, అధికారిక చిహ్నాలు

తెలంగాణ దక్షిణ భారతంలో దక్కన్ పీఠభూమి మీద ఉన్న రాష్ట్రం. 2014 జూన్ 2న దేశంలో 29వ రాష్ట్రంగా ఏర్పడింది. రాజధాని హైదరాబాద్. ఉత్తరాన, వాయవ్యాన మహారాష్ట్ర, ఈశాన్యాన ఛత్తీస్‌గఢ్, పడమట కర్ణాటక, తూర్పున, దక్షిణాన ఆంధ్రప్రదేశ్ సరిహద్దులు. సముద్ర తీరం లేదు. శాసనసభ, అమరవీరుల స్తూపం, పబ్లిక్ సర్వీస్ కమిషన్, రాష్ట్ర మ్యూజియం నగరంలోని నాంపల్లి ప్రాంతంలోనూ దాని అంచుల్లోనూ ఉన్నాయి. అందువల్ల రాష్ట్ర చరిత్రను, దాని ప్రతీకలను దగ్గరనుంచి చూడాలనుకునేవారికి నాంపల్లి మంచి మొదలు.

రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర జంతువు జింక. ఈ నాలుగు పేర్లూ గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు కంఠస్థం. అయితే వీటిని జాబితాగా వల్లెవేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. ఇవి వాన తక్కువగా పడే మెట్ట నేలకు, ఆ నేల మీద పుట్టిన పండుగలకు చెందినవి. రాష్ట్ర భూగోళం తెలిస్తే ఈ ఎంపిక ఎందుకు జరిగిందో సులువుగా అర్థమవుతుంది.

ప్రాథమిక వివరాలు

రాష్ట్ర విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. విభజన బిల్లు నాటి లెక్క 1,14,840. పోలవరం ప్రాజెక్టు ముంపు కింద ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని 2014లోనే ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించడంతో ఆ మేరకు తగ్గింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే మిగిలింది. విస్తీర్ణంలో దేశంలో 11వ స్థానం, జనాభాలో 12వ స్థానం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం సుమారు మూడున్నర కోట్లు, చదరపు కిలోమీటరుకు 312 మంది, ప్రతి వెయ్యి మంది పురుషులకు 988 మంది స్త్రీలు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం విస్తీర్ణంలో దాదాపు ఇంతే, 1,10,787 చదరపు కిలోమీటర్లు. అక్కడి జనాభా 2020 లెక్కల్లో 86 లక్షలే.

అధికార భాష తెలుగు. 2017లో చేసిన చట్టంతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. శాసనసభలో 119 స్థానాలు, శాసనమండలిలో 40 ఉన్నాయి. లోక్‌సభకు 17 మంది, రాజ్యసభకు ఏడుగురు ఎన్నికవుతారు. హైకోర్టు 2019 జనవరి 1 నుంచి విడిగా పనిచేస్తోంది. పునర్విభజన చట్టం ప్రకారం పదేళ్లపాటు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధానిగా ఉన్న హైదరాబాద్, 2024 జూన్ 2 నుంచి పూర్తిగా తెలంగాణ రాజధాని.

ఏర్పాటు

నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో తెలుగు మాట్లాడే జిల్లాలను తెలంగాణ అనేవారు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు అదే సంస్థానంలో వేరే భాగాలు. 1948 సెప్టెంబరులో సైనిక చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబర్ 1న తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ కలయిక వేళ తెలంగాణకు హామీ ఇచ్చిన ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదన్న అసంతృప్తి 1969లో విద్యార్థుల, ఉద్యోగుల ఉద్యమంగా మారింది. ప్రత్యేక రాష్ట్రం కోసం మలిదశ ఉద్యమం 2001 తర్వాత బలపడింది. 2009 డిసెంబర్ 9న కేంద్రం తొలి ప్రకటన చేసింది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించాయి.

నైసర్గిక స్వరూపం

తెలంగాణ నేలలో ఎక్కువ భాగం చాలా పాత గ్రానైటు, నైస్ శిలలు. వీటి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకు, వానకు అరిగి అరిగి మిగిలినవే ఊరూరా కనిపించే గుట్టలు, బండరాళ్లు. వీటిని చూడటానికి నగరం దాటి పోనక్కర్లేదు. శాసనసభ పక్కనే ఉన్న నౌబత్ పహాడ్ అలాంటి గుట్టే. బిర్లా మందిరం, ప్లానెటోరియం ఆ గుట్టల మీదే కట్టారు. పడమట వికారాబాద్, జహీరాబాద్ వైపు, ఉత్తరాన ఆదిలాబాద్‌లో కొంతమేర నేల మారుతుంది. అక్కడ ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. పత్తి బాగా పండే నల్ల రేగడి దాని నుంచి వచ్చింది. గ్రానైటు అరిగితే వచ్చేది ఎర్రని ఇసుక పాలు ఎక్కువున్న చెల్క నేల. వాన నీటిని అది ఎక్కువసేపు పట్టి ఉంచలేదు. జొన్న, సజ్జ, కంది, ఆముదం లాంటి మెట్ట పంటలు ఈ నేలల్లో నిలదొక్కుకోవడానికి కారణం అదే.

మూడో రకం భూమి గోదావరి లోయ. ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి పెద్దపల్లి, భూపాలపల్లి మీదుగా కొత్తగూడెం, ఇల్లెందు వరకు బొగ్గు పొరలు పరుచుకుని ఉన్నాయి. 1889లో ఇల్లెందు ప్రాంతంలో మొదలైన తవ్వకాలే తర్వాత సింగరేణి కాలరీస్ అయ్యాయి.

వీటిలో గ్రానైటు గుట్టలనూ బొగ్గు లోయనూ ఒక్క పూటలో చూడొచ్చు. నాంపల్లి స్టేషన్ నుంచి పొద్దున్నే ఢిల్లీకి బయల్దేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ బండి పేరు ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్. హైదరాబాద్ దాటినప్పటి నుంచి కాజీపేట దాకా బండరాళ్ల గుట్టలు, వాటి మధ్య చెరువులు, తాటిచెట్లు కనిపిస్తాయి. కాజీపేట దాటాక వరి పొలాలు వెడల్పవుతాయి. రామగుండం దగ్గర విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, బొగ్గు వ్యాగన్లు ఎదురవుతాయి. ఆ వెంటనే బండి గోదావరి వంతెన ఎక్కి మంచిర్యాల చేరుతుంది. అక్కడి నుంచి కాగజ్‌నగర్ వైపు అడవి చిక్కబడుతూ మహారాష్ట్ర వస్తుంది.

రాష్ట్రంలో ఎత్తయిన ప్రదేశం ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని డోలి గుట్ట, 965 మీటర్లు. దక్షిణాన నల్లమల అడవిలో అమ్రాబాద్, ఉత్తరాన కవ్వాల్ పులుల అభయారణ్యాలు ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లాలో కడెం వాగు మీద కుంటాల, ములుగు జిల్లాలో బొగత జలపాతాలు వానాకాలంలో జనాన్ని రప్పిస్తాయి.

నదులు, చెరువులు

గోదావరి నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర రాష్ట్రంలో అడుగుపెడుతుంది. మంజీర అక్కడే కలుస్తుంది. బాసర, ధర్మపురి, మంథని దాటి కాళేశ్వరం చేరేసరికి ప్రాణహిత కలిసి నది పోటెత్తుతుంది. ఆ తర్వాత ఇంద్రావతిని కలుపుకుని భద్రాచలం మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి పోతుంది. కృష్ణా నది నారాయణపేట జిల్లాలో ప్రవేశించి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల మీదుగా రాష్ట్రానికి చాలామేర దక్షిణపు హద్దుగా సాగుతుంది. తుంగభద్ర అలంపూర్ సమీపంలో దానిలో కలుస్తుంది. వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ నడిబొడ్డున పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద నగరాన్ని ముంచెత్తాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు.

రెండు పెద్ద నదులున్నా తెలంగాణ నీటికి కటకటలాడటానికి కారణం ఎత్తు. నదులు లోయల్లో కింద పారుతాయి, పొలాలు పీఠభూమి మీద ఉంటాయి. కాలువ తవ్వి నీళ్లు వదిలితే అందే భూమి తక్కువ. 1931లో మంజీర మీద పూర్తయిన నిజాంసాగర్, ఆ తర్వాత శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కొంత ప్రాంతాన్ని తడిపాయి. మిగతా చోట్ల ఎత్తిపోతలే దారి. 2019లో మొదలైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ఆ ఆలోచనకు అతిపెద్ద రూపం. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడంతో అది రాజకీయ, సాంకేతిక చర్చకు కేంద్రమైంది.

కాకతీయుల కాలం నాటి జవాబు వేరు. వాన నీటిని పడ్డచోటే కట్ట కట్టి ఆపడం, ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసుగా తవ్వించడం. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఇప్పటికీ పంటలు పండిస్తున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీయాలని లెక్కగట్టిన చెరువులు, కుంటలు సుమారు 46 వేలు.

వాతావరణం

వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలతోనే వస్తుంది. రాష్ట్ర సగటు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్లు. గోదావరి అడవుల వైపు ఎక్కువ, గద్వాల, నారాయణపేట వైపు బాగా తక్కువ. ఈ రెండూ భాగంగా ఉన్న పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా నుంచి కూలీలు తరతరాలుగా దూర ప్రాంతాలకు వలస పోవడం వెనక ఈ తేడా ఉంది. మే నెలలో రామగుండం, నల్లగొండ లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోతుంది.

జిల్లాలు

రాష్ట్రం పది జిల్లాలతో మొదలైంది. 2016 అక్టోబర్ 11న, దసరా రోజున అవి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33కు పెరిగాయి. విస్తీర్ణంలో భద్రాద్రి కొత్తగూడెం పెద్దది, హైదరాబాద్ చిన్నది. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లలో 2011 నాటికే 39 లక్షల మంది ఉన్నారు.

అధికారిక చిహ్నాలు

రాజముద్ర: ఆకుపచ్చ, బంగారు వర్ణాల గుండ్రని ముద్ర ఇది. మధ్యలో కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్, పైన నాలుగు సింహాల అశోక స్తంభం ఉంటాయి. ప్రభుత్వం పేరు తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ భాషల్లో కనిపిస్తుంది. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించారు. తోరణం ఓరుగల్లు (వరంగల్) కోటలోని స్వయంభూ శివాలయపు వాకిళ్లలో ఒకటి, పదమూడో శతాబ్దం నాటిది. చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. రెండు రాజధానులు, రెండు మతాల నిర్మాణ సంప్రదాయాలు ఒకే ముద్రలో ఇమిడాయి.

రాష్ట్ర పక్షి, పాలపిట్ట: శాస్త్రీయ నామం కొరాసియస్ బెంగాలెన్సిస్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ ఇదే రాష్ట్ర పక్షి. 2014 నవంబరులో తెలంగాణ దాన్ని అట్టే పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. కర్ణాటక, ఒడిశాలకూ రాష్ట్ర పక్షి పాలపిట్టే. చిహ్నాలు ఇలా కలవడం వింతేమీ కాదు. అమెరికాలో ఎర్రని కార్డినల్ పిట్ట ఏకంగా ఏడు రాష్ట్రాలకు చిహ్నం. పాలపిట్ట చిక్కటి అడవిలో ఉండదు. పొలం గట్టు మీది స్తంభం మీదో, కరెంటు తీగ మీదో కూర్చుని, నేల మీద కదిలే పురుగును చూసి ఒక్కసారి కిందికి దూకుతుంది. వాలి ఉన్నప్పుడు గోధుమరంగులో మామూలుగా కనిపించే పిట్ట, రెక్క విప్పితే నీలం మెరుస్తుంది. దసరా నాడు దాన్ని చూస్తే మేలు జరుగుతుందని నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకునేందుకు పిట్టల్ని పట్టి, రెక్కలు కట్టేసి పంజరాల్లో గుడుల ముందుకు తెచ్చేవాళ్లున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పండుగ రోజుల్లో అటవీ సిబ్బంది, జంతుప్రేమికులు వాటిని విడిపించడం ఏటా జరిగే పని.

రాష్ట్ర వృక్షం, జమ్మి: ప్రోసోపిస్ సినరేరియా. వేళ్లు చాలా లోతుకు దిగుతాయి కాబట్టి కరువు కాలంలోనూ పచ్చగా ఉంటుంది. అజ్ఞాతవాసంలో పాండవులు ఆయుధాలు దాచింది ఈ చెట్టు మీదేనని మహాభారత కథ. దసరా సాయంత్రం ఊరి బయట జమ్మి పూజ అయ్యాక ఆకులు తెంపుకొచ్చి, ‘బంగారం’ అంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. సమవయస్కులైతే అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటారు. రాజస్థాన్‌కూ ఇదే రాష్ట్ర వృక్షం, అక్కడ ఖేజ్డీ అంటారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ వృక్షమైన గాఫ్ కూడా ఈ జాతిదే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్ పోయిన కూలీకి ఎడారిలో కనిపించేది సొంతూరి దసరా చెట్టే.

రాష్ట్ర పుష్పం, తంగేడు: సెన్నా ఆరిక్యులేటా. బాటల వెంట, బీడు భూముల్లో, గుట్టల వాలుల్లో నాటకుండానే పెరిగే పొద. దీని బెరడును తోళ్లు ఊనడానికి వాడేవారు. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో, సరిగ్గా బతుకమ్మ పండుగ వేళకు, పసుపు పూలతో విరగబూస్తుంది. పెత్తర అమావాస్య నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు సాగే బతుకమ్మకు ఈ పువ్వే మూలం. తాంబాళంలో ఆకులు పరిచి, తంగేడు పూలను గుండ్రంగా వరుస పెడతారు. దాని మీద రంగులద్దిన గునుగు, ఆపైన బంతి, కట్ల పూలు వరుసగా ఎక్కుతాయి. పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. బతుకమ్మ, బోనాలు 2014 నుంచి రాష్ట్ర పండుగలు.

రాష్ట్ర జంతువు, జింక: చుక్కల దుప్పి, శాస్త్రీయ నామం ఆక్సిస్ ఆక్సిస్. నల్లమల, కవ్వాల్ అడవుల్లో మందలుగా తిరుగుతుంది. ఉమ్మడి రాష్ట్ర జంతువు కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది.

రాష్ట్ర చేప, కొర్రమీను: చన్నా స్ట్రయేటా. గాలి నుంచి కూడా ఊపిరి తీసుకోగలదు. చెరువు ఎండిపోతుంటే బురదలోకి దిగి వానల కోసం ఆగుతుంది. మిగతా చేపలు చచ్చే నీళ్లలో ఇది బతుకుతుంది. అందుకే చెరువుల రాష్ట్రానికి తగిన చేప. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా మృగశిర కార్తె ప్రవేశించే రోజున దీన్ని చాలా దగ్గరగా చూడొచ్చు. బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి ఉబ్బసం రోగులు వరుసల్లో నిలబడతారు. మత్స్యశాఖ కౌంటర్లలో అమ్మే కొర్రమీను పిల్లను కొని నీళ్ల సంచిలో పట్టుకుని ముందుకు కదులుతారు. లోపల ఆ బతికున్న చేపపిల్ల నోట్లో పసుపుపచ్చని మందుముద్ద పెట్టి రోగి గొంతులోకి జారవిడుస్తారు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని వైద్యులు, జనవిజ్ఞాన వేదిక చాలా ఏళ్లుగా చెబుతున్నారు.

రాష్ట్ర గీతం: అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమ సభల్లో పుట్టి పెరిగి, రాష్ట్రం వచ్చిన పదేళ్లకు, 2024 జూన్ 2న అధికారిక గీతమైంది. కీరవాణి సంగీతంతో పూర్తి పాఠం ఒకటి, సభల కోసం రెండున్నర నిమిషాల పాఠం ఒకటి వెలువడ్డాయి.

నాంపల్లిలో రాష్ట్రం

నాంపల్లి రైల్వేస్టేషన్ 1907 నాటిది. రైల్వే రికార్డుల్లో దాని పేరు హైదరాబాద్ దక్కన్. అక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలోనే పబ్లిక్ గార్డెన్స్, పాత పేరు బాగ్-ఎ-ఆమ్. తెల్లని శాసనసభ భవనం ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యో జన్మదినం గుర్తుగా టౌన్ హాల్‌గా మొదలై 1913లో పూర్తయింది. అదే తోటలో జూబ్లీ హాల్, రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉన్నాయి. 1938లో ఈ తోటలోనే మొదలైన వార్షిక ప్రదర్శన నుమాయిష్ 1946లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. ఇప్పుడు జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సాగుతుంది.

శాసనసభకు ఎదురుగా గన్ పార్క్‌లో అమరవీరుల స్తూపం ఉంది. 1969 ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మృతిగా శిల్పి ఎక్కా యాదగిరిరావు మలిచారు. మృతులు 369 మంది అని ఉద్యమకారుల లెక్క. నల్లరాతి పీఠానికి నాలుగు వైపులా తూటా దెబ్బల్లాంటి రంధ్రాలు చెక్కారు. పైకి లేచే స్తంభాన్ని ఏ వైపు నుంచి చూసినా తొమ్మిది గీతలు కనబడతాయి. అవి ఆనాటి తొమ్మిది జిల్లాలు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడి పదోది అయింది. ముఖ్యమంత్రులు జూన్ 2న మొదట నివాళి అర్పించేది ఇక్కడే.

మారినవి, నిలిచినవి

2023 చివర్లో ప్రభుత్వం మారాక మనుషులు గీసిన, చెక్కిన చిహ్నాలపై వాదాలు మొదలయ్యాయి. 2024 మార్చిలో వాహనాల రిజిస్ట్రేషన్ కోడ్ టీఎస్ నుంచి టీజీ అయింది. అదే ఏడాది మే నెలలో కళాతోరణం, చార్మినార్ తీసేసి కొత్త రాజముద్ర తేవాలన్న ఆలోచనకు ఓరుగల్లులోనూ హైదరాబాద్‌లోనూ నిరసన రావడంతో వాయిదా పడింది. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో ఆకుపచ్చ చీరతో, ఎడమచేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులతో కొత్త తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించారు. పాత రూపంలో ఉన్న కిరీటం, బతుకమ్మ అందులో లేకపోవడం మీద ప్రతిపక్షం అభ్యంతరం చెప్పింది.

పాలపిట్ట, జమ్మి, తంగేడు, జింకల జోలికి మాత్రం ఏ ప్రభుత్వమూ పోలేదు. రాజముద్రలో ఏ రాజుల గుర్తు ఉండాలి, తల్లి విగ్రహానికి కిరీటం ఉండాలా వద్దా అన్నవి అధికారంలో ఉన్నవారి చరిత్ర దృష్టిని బట్టి మారే ప్రశ్నలు. తంగేడు, జమ్మి ఏ పార్టీ చరిత్రకూ చెందినవి కావు. ప్రభుత్వ ఉత్తర్వు రాకముందే వాటికి ఈ మెట్ట ప్రాంతపు పండుగల్లో చోటు ఖరారైంది. 2014లో ప్రభుత్వం చేసింది దాన్ని గెజిట్ భాషలో రాయడమే.